చేతులతో చెప్పిన కీర్తన

నాచారంలో స్వర్ణలతలు ఇద్దరున్నారు. ఒకరు మెయిన్ రోడ్డు మీద బ్యూటీ పార్లర్ స్వర్ణలత. ఆమె సంగతి ఆమెకే వదిలేద్దాం. నేను చెప్పేది బట్టల కంపెనీ స్వర్ణలత గురించి. వారమంతా కంపెనీలో చొక్కాలు చెక్ చేస్తుంది. ఆదివారం మా మందిరంలో పిల్లలకు సండే స్కూలు చెప్తుంది. మందిరం అనగానే పెద్ద గోపురం, గంట ఊహించుకోకండి. ఇండస్ట్రియల్ ఏరియా వెనక సందులో కింద ఇనుప సామాన్ల గోడౌను, పైన రేకుల హాలు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే చాలు, నరకం ఎలా ఉంటుందో పాస్టరు అయ్యగారు వేరే చెప్పక్కర్లేదు.

నా పేరు దుర్గమ్మ. బాప్తిస్మం ఇచ్చినప్పుడు అయ్యగారు దీనమ్మ అని మార్చారు. దీనంగా ఉండడం నా వల్ల కాలేదు, ఆ పేరూ నిలవలేదు. రెండో తరగతితో నా బడి అయిపోయింది. బైబిలు కూడబలుక్కుని చదువుతాను. పిల్లల చదువుల గురించి నీకేం తెలుసు అనేవాళ్ళు అనొచ్చు. ముగ్గురిని కన్నాను, వాళ్ళ పిల్లలకు ముక్కులు తుడుస్తున్నాను. అనేవాళ్ళు ఎంతమందికి తుడిచారో ముందు చెప్పమనండి.

స్వర్ణలతను నేను మొదట చూసింది కంపెనీలోనే. అప్పట్లో నేను ప్యాకింగ్‌లో ఉండేదాన్ని. అంబర్‌పేట నుంచి బస్సెక్కి వచ్చింది. పదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్ల. ఇంట్లో మొద్దు, మొద్దు అని ఎంత పిలిచారో ఏమో, గేటు దగ్గర పేరడిగితే కూడా కాసేపు ఆలోచించి చెప్పింది.

మా లైనుకు సూపర్‌వైజర్ శాంతాబాయి. ఆమె పద్ధతి వేరు. కొత్త పిల్ల రాగానే ఒక మిషన్‌కు కట్టేసేది కాదు. దారాలు కత్తిరించే దగ్గర కొన్నాళ్ళు, కాజాల మిషన్ మీద కొన్నాళ్ళు, కాలర్ల దగ్గర, ఇస్త్రీ దగ్గర, మా ప్యాకింగ్‌లో, అన్నిచోట్లా తిప్పేది. మేనేజరు వచ్చి టైమంతా పాడవుతోందని అరిచేవాడు. శాంతాబాయి తాంబూలం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి ఊరుకునేది.

"ఏ మిషన్ మీద కూసుంటే నీకు అన్నం యాళ్ల యాదికి రాదో, అదే నీ మిషన్," అనేది పిల్లలతో.

స్వర్ణలత దారాల దగ్గర తిట్లు తింది. కాజాల దగ్గర వేలు కుట్టుకుంది. నా దగ్గరికి వచ్చి అట్టపెట్టెలన్నీ తలకిందులుగా కట్టింది. నేను ఊరుకునే మనిషినా?

"ఏందే పిల్లా, బాణం గుర్తు పైకి ఉండాలె. నువ్వు కట్టిన పెట్టె సూస్తే చొక్కాలు శీర్షాసనం ఏస్తున్నయ్," అన్నాను.

అది నవ్వింది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. అప్పుడే నాకు నచ్చింది.

చివరికి చెకింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టారు. గుట్టగా పోసిన చొక్కాల మీద చెయ్యి అలా పోనిచ్చేది. కుట్టు వదులైన చోట ఆ చెయ్యి ఆగేది. కంటితో చూసినట్టు కూడా అనిపించేది కాదు. ఒకరోజు అన్నం బెల్లు కొట్టారు, అందరం టిఫిన్లు పట్టుకుని లేచాం, ఆ పిల్ల తలెత్తలేదు. శాంతాబాయి నన్ను మోచేత్తో పొడిచింది.

"దొరికింది," అంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. శాంతాబాయి కాలం చేసింది. నేను మోకాళ్ళు అరిగి ఇంటికొచ్చాను. స్వర్ణలత పెళ్ళి చేసుకుని నాచారంలోనే కాపురం పెట్టి, కంపెనీలో చెకింగ్ మొత్తానికి పెద్దదైంది. మా మందిరానికి రావడం మొదలుపెట్టింది. ఆమెకు పుస్తకం అంటే భయం పోలేదు, కానీ బైబిలు మాత్రం వేలు పెట్టి నెమ్మదిగా చదివేది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పట్టుకుని మూలకు లాక్కుపోయింది.

"పెద్దమ్మా, దేవుడు ఎడారిల తనకు గుడారం కట్టమన్నప్పుడు ఎవరెవరిని పిలిచిండో ఎర్కేనా?"

"మోషేను."

"మోషే సరే. నగిషీ చెక్కేటాయనను పిలిచిండు. బట్ట నేసేటోళ్ళను పిలిచిండు. మేక బొచ్చుతోని దారం వడికిన ఆడోళ్ళున్నరు జూడు, వాళ్ళ గుండెల్లోనే జ్ఞానం పెట్టిండు దేవుడు. దారం వడికెటోళ్ళకు పెద్దమ్మా! మన కంపెనీల మనల్ని హెల్పర్లంటరు. దేవుడు జ్ఞానం ఉన్నోళ్ళు అంటుండు."

నేను అంతకుముందు ఆ గుడారం సంగతి వచ్చినప్పుడల్లా కునుకు తీసేదాన్ని. పొడవులూ వెడల్పులూ తప్ప అక్కడ ఏముంటుందిలే అనుకున్నాను. ఆ రోజు నుంచి కునుకు తీయలేదు.

తర్వాత ఆమె పిల్లల తరగతి నాకివ్వండి అని అయ్యగారిని అడిగింది. ఇచ్చారు. అప్పటి నుంచి శాంతాబాయి కంపెనీలో చేసిన పనే స్వర్ణలత సండే స్కూల్లో చేస్తోంది. ఏ పిల్లనూ ఒకచోట కూర్చోనివ్వదు. ఒక వారం పాటలు, ఒక వారం బొమ్మలు. ఒకడికి చాపలు పరిచే పని, ఒకడికి కొట్లాడుకున్నవాళ్ళ మధ్య తీర్పు చెప్పే పని, ఇంకొకడికి వచ్చిన పిల్లలెందరో లెక్కబెట్టే పని. తాను గోడకానుకుని చూస్తుంది.

"తరగతి చెప్పకుండ గోడకు బల్లి లెక్క ఏం జూస్తవ్ స్వర్ణా?" అన్నాను ఒకసారి.

"బిస్కెట్ల డబ్బా తెరిచినప్పుడు ఎవరు తలకాయ తిప్పరో జూస్తున్న పెద్దమ్మా."

అంతే. అది ఆమె పరీక్ష. బిస్కెట్లు మర్చిపోయేంతగా ఏ పిల్ల ఏ పనిలో మునిగిందో, అదే దేవుడు ఆ పిల్లకిచ్చింది అంటుంది. అలా ఆమె చెయ్యి పట్టి చూపించిన పిల్లలు ఇవాళ మందిరంలో తబలా కొడుతున్నారు, కరెంటు పని చేస్తున్నారు. ఒకడు ఉప్పల్ కోర్టులో వకీలు దగ్గర చేరాడు. వాడు చిన్నప్పుడు తీర్పులు చెప్పేవాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా కొడుకు జీవన్, కోడలు త్రివేణి, వాళ్ళకు ఒక్కతే కూతురు సిరి. మొన్న ఏప్రిల్‌లో ఐదో తరగతి అయిపోయింది. పిల్ల బుద్ధిమంతురాలు. కానీ లేచి నిలబడి పాఠం చెప్పమంటే నోరు ఆగిపోతుంది. లోపల ఉంటుంది, పెదాలు కదులుతాయి, మాట రాదు. బళ్ళో టీచర్లు రానిదాని కిందే లెక్కేసి మార్కులు వేశారు.

మందిరంలోనూ అదే గొడవ. మా సండే స్కూలుకు పెద్ద, భూషణం సారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు కంఠత వాక్యాలంటే ప్రాణం. గోడ మీద చార్టు పెట్టి, వాక్యం అప్పజెప్పిన పిల్ల పేరు పక్కన నక్షత్రం అంటిస్తాడు. కొందరి పేర్ల పక్కన ఆకాశమే దిగింది. మా సిరి పేరు పక్కన అమావాస్య.

త్రివేణికి ఇదంతా చూసి మనసు విరిగింది. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో రిసెప్షన్‌లో చేస్తుంది. ఎవరో చెప్పారని ఘట్‌కేసర్ అవతల ఒక హాస్టల్ స్కూలు చూసి వచ్చింది. జూన్‌లో ఆరో తరగతికి అక్కడ చేర్పిస్తానంది. తెల్లవారకముందే లేపి చదివిస్తారట, పడుకునేదాకా బట్టీ పట్టిస్తారట.

"గా పిల్లకు మాట రాక సస్తుంటే బట్టీ పట్టించేటోళ్ళ కాడ ఏస్తవా?" అన్నాను.

"మీకేం తెల్వదత్తమ్మా. నేను ఇంటర్ తప్పి చీటీలు రాసుకుంట కూసున్న. డాక్టరమ్మ నన్ను పేరు వెట్టి పిలువదు, ఇగో అంటది. నా బిడ్డను రేపు ఎవరన్న ఇగో అంటే నేను తట్టుకుంటనా?"

కోడలిని తిట్టడం నాకు చేతకాక కాదు, ఆ మాటకు తిట్టు దొరకలేదు.

సిరి ఏడవలేదు. పక్కింటి పిల్లకు తన రంగుల పెన్నులు ఇచ్చేసింది. ఎందుకిచ్చావే అంటే, అక్కడికి ఇవన్నీ తెచ్చుకోనివ్వరట అంది. జడ వేస్తుంటే మెల్లగా అడిగింది.

"నానమ్మా, హాస్టల్ల జవాబు చెప్పకుంటే కొడ్తరా?"

"ఎవడు కొడ్తడే? నేను బతికే ఉన్న," అన్నాను. కానీ ఘట్‌కేసర్ అవతల నేను ఉండను కదా.

ఆ సాయంత్రమే స్వర్ణలత ఇంటికి పోయాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి మొహం కడుక్కుంటోంది.

"నా మనవరాలి మిషన్ ఏదో జెల్ది దొరకవట్టు," అన్నాను. "జూన్ వచ్చిందంటే పిల్లను తోలేస్తరు."

తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిజం చెప్పింది. "రెండేండ్లయింది పెద్దమ్మా, నాకు దొరుకుతలేదు. మీ ఇంట్ల అందరు మంచిగ పాడ్తరని పాటల్లేసిన. తప్పయింది, అందరి ముంగట ఇంక బిగుసుకపోయింది. బొమ్మలు గీస్తది గని, బిస్కెట్ల డబ్బా సప్పుడైతే ముందుగాల తనే జూస్తది."

"అయితే దేవుడు నా పిల్లకు ఏం ఇయ్యలేదంటవా?"

"ఇయ్యకుండ ఎవరిని పంపడు. నేను ఎతికే తావు తప్పు. ఎండాకాలం బడి ఉంది గదా, సూద్దాం."

ఎండాకాలం బడి అంటే మే నెలలో మందిరంలో పిల్లలకు పెట్టే సెలవుల బైబిలు బడి. క్రైస్తవుల పిల్లలే కాదు, సందులోని పిల్లలందరూ వస్తారు. మజ్జిగ, బిస్కెట్లు ఇస్తాం కాబట్టి తల్లిదండ్రులకూ అభ్యంతరం ఉండదు. ఆఖరి రోజు తల్లిదండ్రులు కూర్చుంటే పిల్లలు నేర్చుకున్నది చెప్పాలి. ఈసారి భూషణం సారు చిన్న తరగతికి నూట ఇరవై ఒకటో కీర్తన మొత్తం పెట్టాడు. కొండల వైపు కన్నెత్తి చూసే కీర్తన. ఇంకా పళ్ళూడని పిల్లలకు అంత పెద్దది ఎలా వస్తుందో ఆయనకే తెలియాలి.

బడి మొదలయ్యాక చిన్నవాళ్ళకు చెప్పే అమ్మాయికి జ్వరం వచ్చింది. స్వర్ణలత ఒక్కతే. కంపెనీకి సెలవు పెట్టి మరీ వచ్చింది, పెద్ద పిల్లల తరగతి వదిలి చిన్నవాళ్ళ దగ్గరికి పోలేదు. సిరిని పిలిచి చిన్నవాళ్ళ దగ్గర కూర్చోమంది.

"నాకు చెప్పరాదు టీచర్," అంది సిరి.

"చెప్పకు. లొల్లి జెయ్యకుండ సూడు, చాలు."

నేను ఆ వైపు మజ్జిగ కలుపుతున్నాను. కాసేపటికి నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే సిరి వాళ్ళ మధ్య నిలబడి ఉంది. కీర్తన ముక్క ముక్కగా ఎవరో ఒక పిల్ల పుస్తకంలోంచి చదువుతోంది, సిరి దాన్ని చేసి చూపిస్తోంది. కొండలకు చెయ్యి కనుబొమ్మల మీద పెట్టి మడమలెత్తి చూసింది. కాలు జారనివ్వడు అన్నచోట, మా సందులో మోరీ పొంగిన చోట అందరం ఎలా జారుతామో అలా జారి, పైనుంచి ఎవరో జబ్బ పట్టి నిలబెట్టినట్టు నిలబడింది. కాపాడేవాడు కునకడు అన్నచోట ఏం చేసిందనుకున్నారు? మా ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని తల వేలాడేసి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వేలాడేస్తాడే, అచ్చం అలా చేసింది. ఆ తర్వాత వేలు అడ్డంగా ఊపి, పైకి చూపించింది. దేవుడు అలా కాదు అని. పిల్లలు పడీ పడీ నవ్వి, నవ్వుతూనే ఆ ముక్క గట్టిగా చెప్పారు.

బిస్కెట్ల డబ్బా తెరిచారు. హాలంతా అటు ఉరికింది. సిరి వెనక్కి కూడా చూడలేదు. కీర్తనలో తర్వాత వచ్చే నీడను చేతితో ఎలా చూపించాలా అని తనలో తాను ఏదో కొలుచుకుంటోంది.

స్వర్ణలత గోడ దగ్గర నుంచి నావైపు చూసింది. నేను మజ్జిగ గరిటె ఎత్తి చూపించాను.

ఆఖరి రోజు వచ్చింది. హాలు నిండింది. త్రివేణి డ్యూటీ డ్రెస్సులోనే వచ్చి చివరి వరసలో కూర్చుంది. తొందరగా పోవాలన్నట్టు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోంచి దించలేదు. జీవన్ రాలేదు, వాడికి షిఫ్టు. చిన్నవాళ్ళు ముందు నిలబడ్డారు. స్వర్ణలత సిరిని తీసుకెళ్ళి హాలు వెనక, ద్వారం పక్కన, అందరి వీపుల వెనక నిలబెట్టింది. అక్కడైతే ఆ పిల్లను చిన్నవాళ్ళు తప్ప ఎవరూ చూడరు.

చిన్నవాళ్ళు మొదలుపెట్టారు. ఒక్క మాట తప్పలేదు. భూషణం సారు కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నాడు. మధ్యలో కళ్ళు తెరిచి చూస్తే, పిల్లలందరి చూపూ ఒకేచోట ఉంది. వెనక్కి తిరిగాడు. సిరి చేతులు గాలిలో ఉన్నాయి.

కీర్తన అయిపోయింది. చప్పట్లు కొట్టబోతుంటే సారు చెయ్యెత్తి ఆపాడు.

"స్వర్ణలతా, ఇదేంటమ్మా? ఆ అమ్మాయి వెనకనుంచి సైగలు చేస్తుంటే వీళ్ళు అందుకుంటున్నారు. పరీక్షలో చీటీ పెట్టుకున్నట్టు కాదూ? దీన్ని కంఠత అంటారా?"

త్రివేణి వెనక్కి తిరిగి, అప్పుడు చూసింది కూతురిని. సిరి చేతులు ఒక్కసారిగా కిందికి పడిపోయాయి. నేను లేచాను.

"సారూ, చీటీ అంటే కాయితం ముక్క. నా మనవరాలు మీకు కాయితం లెక్క కనవడ్తుందా?"

"మీరు కూర్చోండి దుర్గమ్మగారూ. నేను పిల్లని తిట్టట్లేదు. నా మాట వినండి. మా ఆవిడ ఐసీయూలో ఉన్నప్పుడు నా చేతిలో పుస్తకం లేదు. ఉన్నా చదివే స్థితిలో లేను. చిన్నప్పుడు మా అమ్మ నోటికి నేర్పిన వాక్యాలే నన్ను నిలబెట్టాయి. రేపు ఈ పిల్లలకి అలాంటి రోజొస్తే, వెనక సైగలు చేసేవాళ్ళు ఎవరుంటారు? అందుకని అడుగుతున్నాను."

ఆ మాట న్యాయమే అనిపించింది. కూర్చున్నాను. స్వర్ణలత ముందుకు వచ్చింది. కోపం లేదు, భయమూ లేదు. కుట్టు చూస్తున్నప్పుడు ఉండే మొహం అది.

"సార్, మీరన్నది కరెక్టే. లోపల ఉండాలె. ఉన్నదో లేదో సూడుండ్రి. సిరిని బయటికి పంపి మళ్ళ అడుగుండ్రి."

సిరిని బయటికి పంపారు. సారు పిల్లలను మొదటినుంచి చెప్పమన్నాడు. మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళ చేతులే లేస్తున్నాయి. కొండలు దాటారు, జారి లేచారు. కునకడు అనే చోటికి వచ్చేసరికి ముందు వరసలో ఉదయశ్రీ అనే బుడ్డది ఒక్కతే చెప్పడంలో అందరికంటే ముందు పరుగెత్తి, మాట మర్చిపోయి ఆగింది. నోరు తెరిచి పైకప్పు రేకులు చూసింది. తర్వాత తల మెల్లగా పక్కకు వేలాడేసి, వాచ్‌మన్ లాగా ఉలిక్కిపడింది. ఆ వెంటనే మాట దానంతటది వచ్చేసింది. చివరిదాకా చెప్పి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ నవ్వింది.

భూషణం సారు నవ్వలేదు. ఆ పిల్ల దగ్గరికి పోయి, నడుం వంచి చూశాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"సిరక్క."

"సిరక్క నోటితో చెప్పిందా?"

"ఊహూఁ. సిరక్క చేస్తది. మేం చెప్తం."

స్వర్ణలత అంది, "సార్, మోషే నాకు నోరు తిరగదు అన్నడు. దేవుడు నోరు తిరిగెదాక బట్టీ పట్టు అనలేదు. మాట్లాడేతందుకు అన్న అహరోనును తోడిచ్చిండు. గీ పిల్లకు నోళ్ళు ఎంతమంది ఉన్నరో సూడుండ్రి."

సారు మొహం తుడుచుకున్నాడు. చెమట అనుకోవచ్చు, ఆ రేకుల కింద ఎవరికైనా పడుతుంది.

"ఇది కంఠతే," అన్నాడు. "అందరికీ బహుమతులివ్వండి. ఆ అమ్మాయిని పిలవండి."

పిలవడానికి ఎవరూ లేవాల్సిన పని లేకపోయింది. త్రివేణి ఆ మాట వింటూనే బయటికి పోయింది. నేను కిటికీలోంచి చూశాను. మెట్ల మీద, చెప్పుల మధ్య, సిరి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మమ్మీ, నా వల్లనే చిన్నోళ్ళకు ప్రైజులు ఇయ్యరా?"

త్రివేణి పక్కన కూర్చుంది. డ్యూటీ డ్రెస్సుకు మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"ఇస్తున్నరు. నువ్విది నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పు అంటవు. నాకు చెప్పరాదు కదా."

త్రివేణి చెప్పులు పక్కకు జరిపింది.

"నాకు చూపించు," అంది.

సిరి లేచింది. ఎండలో, ఇనుప గోడౌను ముందు, తల్లికి మొత్తం చేసి చూపించింది. వాచ్‌మన్ దగ్గర త్రివేణికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. తర్వాత మా కోడలు, దవాఖానాలో ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడని మనిషి, లేచి కూతురి వెనకాల తల వేలాడేసి ప్రాక్టీసు చేసింది. సామాన్లు దించే హమాలీ ఒకడు పని ఆపి చూస్తున్నాడు. చూడనీ.

ఇద్దరూ పైకి వచ్చాక భూషణం సారు సిరిని దగ్గరికి పిలిచాడు. పిల్ల నా కొంగు పట్టుకుంది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా," అన్నాడు. "ఆ కునకడు దగ్గర ఎలా చేస్తావో నాకోసారి చూపించు. నాకు అక్కడే తప్పుతుంటుంది."

అబద్ధం. ఆయనకు ఎక్కడా తప్పదు. కానీ కొన్ని అబద్ధాలు దేవుడు క్షమిస్తాడు. సిరి చూపించింది. ఆయన బిర్రుగా నిలబడి తల ఒక పక్కకు వంచాడు. మెడ పట్టేసింది. స్వర్ణలత వచ్చి సరిచేసింది.

ఇంటికొచ్చాక రాత్రి అన్నాల దగ్గర జీవన్‌కు అంతా చెప్పాం. హాస్టల్‌కు రామని పొద్దున్నే ఫోన్ చేస్తానంది త్రివేణి.

"మరి మార్కులు?" అన్నాడు జీవన్.

"మార్కులు నేను సూస్కుంట."

"ఎట్ల సూస్తవ్?"

"ఎట్లనో తెల్వదు. స్వర్ణలతక్కను అడుగుత. నువ్వు తిను."

సిరి ముద్ద నోట్లో పెట్టుకుని తల్లి మొహం చూసింది, నా మొహం చూసింది. ఎవరమైనా మాట మారుస్తామేమో అని ఎదురుచూసింది. ఎవరం మార్చలేదు. అప్పుడు ఇంకో గరిటెడు అన్నం అడిగి తింది.

ఇప్పుడు ఇక్కడే నాచారంలోనే ఆరో తరగతి చదువుతోంది. త్రివేణి బడికి పోయి, ఈ పిల్లను నిలబెట్టి అడక్కండి, రాయించండి, చేయించండి అని టీచరుకు చెప్పి వచ్చింది. టీచరు సరేనంది, కొన్నిసార్లు మర్చిపోతుంది. త్రివేణి మళ్ళీ పోతుంది. సిరి క్లాసులో మొదటిది కాలేదు. నలుగురి ముందు ఇప్పటికీ మాట ఆగుతుంది. స్వర్ణలత మాత్రం తొందరపడొద్దంటుంది, కొన్ని కుట్లు నెమ్మదిగానే పడతాయంటుంది. ఆమె ఇప్పటికీ చొక్కాలు చెక్ చేస్తూనే ఉంది. కంపెనీలో ఆమె కింద చేరిన కొత్త పిల్లలను అన్ని మిషన్ల మీదా తిప్పుతోందని, ఇప్పటి మేనేజరు కూడా అరుస్తున్నాడని విన్నాను. అరవనీ.

మొన్న గురువారం సాయంత్రం స్వర్ణలత మా ఇంటికి వచ్చేసరికి హాల్లో పెద్ద గొడవ జరుగుతోంది. సిరికి గుండె పాఠం. రక్తం ఎటు పోయి ఎటు వస్తుందో తేల్చాలి. సోఫా జరిపేశారు. సిరి గుండె. త్రివేణి ఎర్ర చున్నీ పట్టుకుని రక్తం. నన్ను లేపి ఊపిరితిత్తులను చేశారు.

"నానమ్మా, రక్తం వచ్చింది, గాలి ఊదు!"

"ఊదుతున్న గదనే."

"గట్టిగ ఊదు! మంచి రక్తం కావాలె."

ఊదాను. ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. స్వర్ణలత ద్వారంలో నిలబడి నవ్వుతోంది.

"పెద్దమ్మా, గీ ఊపిరితిత్తులు చెకింగ్‌ల పాస్ కావు," అంది.

"పాస్ గాకుంటే నువ్వొచ్చి ఊదు. ఉత్తగ నిలవడి నవ్వెటోళ్ళకు చాయ్ లేదు," అన్నాను.

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. సిరి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, ఒక మూల నిలబెట్టి, నువ్వు కాలు, ఇక్కడిదాకా రక్తం రావాలి అని చేత్తోనే చూపించింది. తర్వాత తన రెండు పిడికిళ్ళూ రొమ్ము మీద పెట్టుకుని, మూసి తెరుస్తూ, అందరినీ మళ్ళీ మొదటినుంచి నడిపించింది.